బ్యాంకాక్ బామ్మ గోడ మీది పుష్పవల్లి

ఫిల్మ్‌నగర్‌లో ‘బ్యాంకాక్ బామ్మ’ అని ఒక నూడుల్స్ హోటలుంది కదా, ఆ హోటల్ గోడ మీది ఫొటోలో ముసలావిడ మంగళవారం మంగళవారం ఫొటోలోంచి దిగొచ్చి, కడుపునిండా తిని, గోడకేసి చూసి నవ్వి, మళ్లీ అందులోకే వెళ్లిపోతుందని షేక్‌పేట కూరగాయల బండ్ల దగ్గర్నుంచి యూసుఫ్‌గూడ టైలర్ కొట్ల దాకా చెప్పుకుంటున్నారు. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. ఆవిడ కూర్చుని లేచిన కుర్చీ మంచుముద్దలా ఉంటుందట. ఏసీ సరిగ్గా నెత్తిన ఊదుతుంటే ఏ కుర్చీ అయినా అలాగే ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు.

ముందు ఆ పాదాల సంగతి తేల్చాలి. అందరికీ ఉన్నట్టే ముందుకే ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. ఎడమ చెప్పుకి తెగిన పట్టీ దగ్గర పిన్నీసు ఉంది. చెప్పుకి పిన్నీసు పెట్టుకునే దయ్యాన్ని ఎవరైనా చూశారా? ఆవిడ గోడలోంచి రాదు. యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో వచ్చి, ఎత్తు రోడ్డు మొదట్లోనే దిగి, ఆగి ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కి, ఆ అద్దాల తలుపు నెట్టాలో లాగాలో తెలియక కాసేపు తంటాలు పడి లోపలికొస్తుంది. తిన్నదానికి డబ్బులూ ఇస్తుంది. పేరు పుష్పవల్లి. బతికే ఉంది.

ఇక మిగిలింది నవ్వు. అది మాత్రం నిజమే. ఆ నవ్వు దగ్గరగా విన్నది భువన.

భువన ఆ హోటల్లో మేనేజరు. వంటింట్లోకి ఏం రావాలి, ఏ బల్ల దగ్గర ఎవరు అలిగారు, ఏసీ ఎందుకు కారుతోంది, అన్నీ ఆ పిల్లే చూసుకోవాలి. పుట్టి పెరిగిందంతా షేక్‌పేట పాత ఊళ్లోనే. తండ్రి సినిమా యూనిట్లకి వ్యాన్ తోలేవాడు కాబట్టి, తెర మీది ఏడుపులకీ చావులకీ ఆ పిల్ల చిన్నప్పుడే అలవాటు పడిపోయింది. దయ్యాలంటే భయం లేదని ఇంట్లో గొప్పలు పోయేది కూడా.

హోటల్ యజమాని రవిచంద్ర, జూబ్లీ హిల్స్ వాడు. ఒకసారి బ్యాంకాక్ వెళ్లి, రోడ్డు పక్క బండి మీద పొగలు కక్కే నూడుల్స్ తిని, ఆ రుచి మరిచిపోలేక ఇక్కడ హోటలు తెరిచేశాడు. స్నేహితులు సరదాకి ‘బ్యాంకాక్ బామ్మ’ అని పేరు పెట్టారు. పేరులో బామ్మ ఉంది కనక గోడ మీదా ఒక బామ్మ ఉండాలి కదా! అలంకరణ పని ఒప్పుకున్న అమ్మాయి కృష్ణానగర్ వెళ్లి, సినిమాలకి సామాన్లు కిరాయికిచ్చే గోడౌన్‌లో దుమ్ము కొట్టుకుపోయిన ఒక ఫ్రేము ఏరుకొచ్చి వేలాడదీసింది. ఎవరి బామ్మో ఎవరికి కావాలి?

నలుపు తెలుపు ఫొటో అది. పెద్దంచు చీర కట్టిన ముసలావిడ. ఎడమ చెవి పైన తెల్లటి జుట్టు పాయ. కుడి కంటి కింద పుట్టుమచ్చ. ఎడమ కంటి రెప్ప కాస్త వాలి ఉంటుంది. మామూలు ఫొటోల్లో మనిషి మనల్ని చూస్తున్నట్టుంటుంది. ఈవిడ మాత్రం కొంచెం పక్కకి చూస్తుంటుంది. ఆ చూపు సరిగ్గా మూలనున్న ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర, కిటికీ వైపు కుర్చీ మీద పడుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఊరికే వెనక్కి తిరిగి చూసుకోవడం, కారణం చెప్పకుండా వేరే బల్లకి మారడం భువన గమనిస్తూనే ఉంది.

వంట చేసేది నోయ్ అనే థాయ్‌లాండ్ ఆవిడ. తెలుగులో ‘బాగుందా’, ‘చాలు’ తప్ప మూడో మాట రాదు. వచ్చిన మర్నాడే గోడ మీది ఫొటో చూసి, యజమాని సొంత బామ్మే అనుకుంది. తెల్లారేసరికి షేక్‌పేట పూలమ్మి దగ్గర మల్లెపూలు తెచ్చి, తనే మాల కట్టి, కుర్చీ ఎక్కి ఫొటోకి వేసేసింది. కింద చిన్న గిన్నెలో నూడుల్స్, గ్లాసులో ఎర్రటి కూల్‌డ్రింకు, ఒక అగరొత్తి.

బల్లలు తుడిచే భిక్షం అది చూసి గుడ్డ అక్కడే పడేశాడు.

"గిదేంది భువనమ్మా? సారు వాళ్ల నానమ్మ పోయిందా?"

"గా ఫొటో ఎవరిదో సారుకే ఎరుక లేదు భిక్షమన్నా. ఎవరు పోయినట్టు?"

"మరి దండేసింది గద!"

ఫోన్‌లో మాటలు తర్జుమా చేసే యాప్ పెట్టి అడిగారు. దండంటే మా దేశంలో గౌరవం, అంది నోయ్. అమ్మకి వేస్తాం, గురువుకి వేస్తాం, కారు అద్దానికి కూడా వేలాడదీస్తాం.

"బతికున్నోళ్ల ఫొటోకి గూడనా?"

"ఎందుకు వెయ్యకూడదు?" అని అడిగింది నోయ్ ఫోను.

భిక్షం ఆ ఫోన్ వైపే కోపంగా చూశాడు. రవిచంద్ర మాత్రం పగలబడి నవ్వి, "ఉండనివ్వండి, అచ్చం బ్యాంకాక్‌లా ఉంది" అన్నాడు. అలా ఉండిపోయింది. ఎండిన దండ తీసి కొత్తది వేయడం నోయ్‌కి పొద్దున్నే మొదటి పనైంది. ఆ గుమ్మంలో అడుగు పెట్టిన ప్రతి తెలుగువాడూ మాత్రం, ‘పాపం, పెద్దావిడ ఎప్పుడు పోయారో’ అనుకుంటూనే నూడుల్స్ తినేవాడు.

ఒక మంగళవారం, మధ్యాహ్నం జనం పలచబడ్డాక, బయట ముసురు పట్టి లోపల లైట్లు వేయాల్సి వచ్చిన రోజు, ఆ పోయిన పెద్దావిడ తలుపు నెట్టుకుని లోపలికొచ్చింది.

భిక్షం చేతిలో గ్లాసుల ట్రే కింద పడింది. ఆ చప్పుడుకి తలెత్తిన భువన ముందు ఆవిడ చెవి పైన తెల్లటి పాయ చూసింది. తర్వాత కంటి కింద మచ్చ. తర్వాత వాలిన రెప్ప. వెంటనే గోడకేసి చూసింది. ఎందుకు చూశావే అంటే, ఫ్రేము ఖాళీ అయిందేమో అని చూశానని ఇంటికెళ్లి తల్లికి చెప్పింది. ఫ్రేము ఖాళీ కాలేదు. అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. భువన వీపు మీద ఎవరో తడిచేత్తో నిమిరినట్టైంది.

ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా మూల బల్ల దగ్గరికెళ్లింది. కిటికీ వైపు కుర్చీ వదిలేసి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

భువన దగ్గరికెళ్లి, "కిటికీ దిక్కు కూర్చోండమ్మా, గాడ ఏసీ మీద పడ్తది" అంది.

"వద్దులేమ్మా. ఆ కుర్చీ అలా ఉండనీ" అంది ఆవిడ, చీర కొంగు సర్దుకుంటూ. "ఏదో ఒకటి, అరిగేది పెట్టు. ఈ పుల్లలు దేనికి? అల్లికలకా?"

దయ్యం నూడుల్స్ తినే పుల్లల గురించి అడిగేసరికి భువనకి కాస్త ఊపిరాడింది. చెంచా, ఫోర్కు తెచ్చి పెట్టింది. పల్చటి పులుసులో సన్నటి బియ్యపు నూడుల్స్, పైన వేయించిన వెల్లుల్లి, కొత్తిమీర, పల్లీల పొడి. పక్కన కారం, పంచదార, మిరపకాయ ముక్కలు నానేసిన వెనిగర్, చేపల సాస్.

"చారులోకి పంచదారా? బాగానే ఉంది సంబడం!" అంటూ ఆవిడ చేపల సాస్ సీసా మూత తీసి వాసన చూసి, కళ్లు మూసుకుంది. "అమ్మాయ్, ఇది మా నిజాంపట్నం రేవు వాసనే. ఎండుచేపలు ఆరబోసినచోట సాయంత్రం పూట ఇలాగే వచ్చేది."

అప్పుడే నోయ్ బయటికొచ్చింది. అరుస్తుందేమోనని భువన అడ్డం వెళ్లబోయింది. నోయ్ అరవలేదు. చేతులు జోడించి, నడుం వంచి, "యాయ్" అంది. వాళ్ల భాషలో అమ్మమ్మ అని. గోడ మీది అమ్మమ్మ భోజనానికి రావడంలో నోయ్‌కి వింతేమీ కనపడలేదు. ఇంకో గరిటెడు పులుసు పోసి వెళ్లిపోయింది.

ఆవిడ గిన్నె ఖాళీ చేసింది. మూతి తుడుచుకుంది. ఫొటో ముందుకెళ్లి నిలబడి, తల పైకెత్తి నవ్వింది.

ఎలాంటి నవ్వంటే, ఏదో గుర్తొచ్చి వచ్చేది కాదు. ఎవరో ‘నవ్వు’ అంటే మొదలై, ‘చాలు’ అంటే ఆగేది. గొంతంతా తెరిచి, ఖంగుమని నవ్వి, సగంలో కోసేసినట్టు ఆపేసింది. అవతలి బల్ల దగ్గర ఒక పసిపిల్ల తల్లి ఒళ్లో మొహం దాచుకుని ఏడుపందుకుంది. ఆ తల్లి గోడనీ ఈవిడనీ చూసి, తింటున్న గిన్నె వదిలేసి లేచిపోయింది. ఊళ్లో మాట పుట్టింది అక్కడే. ఆ తర్వాత ప్రతి మంగళవారం అదే కుర్చీ, అదే గిన్నె, అదే నవ్వు.

మొదట్లో కుర్రకారు ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు. తర్వాత సంసారులు రావడం మానేశారు. పక్క సందులో ఒక సినిమా ఆఫీసు రోజూ భోజనాలు తెప్పించుకునేది. ముహూర్తం దగ్గర పడుతోంది, ఆ ఇంటి తిండి వద్దని వాళ్లూ ఆపేశారు. దాంతో రవిచంద్రకి నవ్వు పోయింది.

"భువనా, ఈ మంగళవారం సాయంత్రానికల్లా ఆ ఫొటో గోడ మీద ఉండకూడదు. దండతో సహా తీసెయ్. ఆవిడకి నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"సార్, నోయ్ ఊకోదు. యాయ్ పోతే నేనూ పోతా అంటున్నది."

"యాయ్ ఏంటి, యాయ్! ఆవిడ మా బామ్మ కాదు మొర్రో అని ఎన్నిసార్లు చెప్పాలి?"

ఇంటి దగ్గర తల్లి భువన మొలకి తాయెత్తు కట్టింది. "గా ముసలామె కండ్లల్లకు చూడకు బిడ్డా" అంది. కానీ భువనకి భయం కన్నా తెలుసుకోవాలన్న తపనే ఎక్కువైంది. నిజం చెప్పొద్దూ, ఎవరికి మాత్రం ఉండదు? ఒక మనిషి తన ఫొటోకి దండేసినచోటికే వారం వారం వచ్చి, దాని ఎదుటే కూర్చుని తిని, దాన్ని చూసి నవ్వుతుంటే, అడక్కుండా ఎలా ఉండటం?

ఆ మంగళవారం హోటల్లో వేరే గిరాకీ లేదు. ఆవిడ సగం తిన్నాక భువన వెళ్లి బల్ల పక్కన నిలబడి, "అమ్మా, గా ఫొటోలున్నది మీరేనా?" అంది.

"నేనే. కాకపోతే అప్పటికి నాకు ముప్ఫై కూడా లేవు."

భువన ఫొటో వైపు చూసింది. అందులో ఉన్నది ఎటు చూసినా అరవై దాటిన మనిషి.

పుష్పవల్లి ఫోర్కు కింద పెట్టి చెప్పింది. మొగుడు వీరరాఘవయ్య మేకప్ అసిస్టెంటు. ఒక సినిమాలో హీరోకి చచ్చిపోయిన తల్లి ఫొటో కావాల్సి వచ్చింది. రావాల్సిన మనిషి రాలేదు. సరిగ్గా అప్పుడే క్యారేజీ పట్టుకుని ఈవిడ సెట్‌కి వెళ్లింది. దండేసుకునే మొహం ఎవరిదైతేనేం అని ఆవిణ్ణే కూర్చోబెట్టారు.

"మా ఆయనకి అదో సరదా దొరికింది. ‘నువ్వు ముసలిదానివయ్యాక ఎలా ఉంటావో ఇవాళే చూసేస్తానే పుష్పా’ అన్నాడు. ఇక్కడ జుట్టుకి తెలుపు పూశాడు. ఈ రెప్ప గమ్ముతో కిందికి అంటించాడు. హీరోగారికి కంటి కింద మచ్చ ఉంది, కాబట్టి తల్లికీ ఉండాలన్నారు. అది పెన్సిలుతో పెట్టాడు. ‘కెమెరాని చూడకు, నన్ను చూడు’ అంటూ పక్కన నిలబడ్డాడు. ఆ చూపు ఆయన మీదేనమ్మా."

భువన చెయ్యి ఆనుకుని ఉన్నది కిటికీ వైపు కుర్చీ వీపు మీదే. మెల్లగా తీసేసుకుంది.

"మరి నవ్వుడేంది?"

"అదా? అప్పట్లో మా యూనిట్లో ఒక పద్ధతుండేది. బతికున్న మనిషి ఫొటోకి దండేసి షాట్ తీస్తే, వెంటనే ఆ దండ తీసేసి, మనిషిని కెమెరా ముందు నిలబెట్టి నవ్వించేవాళ్లు. నోట్లో మిఠాయి పెట్టేవాళ్లు. నవ్వు షాట్ అనేవాళ్లం. కీడు ఉంటే అందులో పోతుందని."

ఆ సినిమా బాగా ఆడింది. మన సినిమా వాళ్ల సంగతి తెలిసిందే కదా, ఇంకేముంది, ఆ తల్లి ఫొటో గోడ మీద ఉంటే సినిమా ఆడుతుందని సెంటిమెంటు పట్టుకుంది. ఏ కంపెనీ సినిమాలో తల్లి చచ్చినా పుష్పవల్లే చచ్చింది. మొదట్లో ప్రతిసారీ నవ్వు షాట్‌కి కబురుపెట్టేవాళ్లు. వీరరాఘవయ్య ఒక పొద్దున మేకప్ పెట్టె సర్దుకుంటూ అలాగే ఒరిగిపోయాక కబుర్లు తగ్గాయి. ఫొటో గోడౌన్‌కి చేరింది. కావలసినవాళ్లు కిరాయికి తీసుకెళ్లడం, దండ వేయడం, పని కాగానే తిరిగి పడేయడం. నవ్వించడానికి ఎవరూ పిలవలేదు. ఏ మధ్యాహ్నమో టీవీలో తన దండ ఫొటో కనిపిస్తే, హీరో దాని ముందు ఏడుస్తుంటే, పుష్పవల్లి గదిలో ఒక్కతే లేచి నిలబడి టీవీకేసి నవ్వేది. పైవాటా వాళ్లు ఇల్లుగలాయనకి చెప్పారు కూడా, కిందావిడకి మతి సరిగా లేదని.

"సరేలెమ్మా, నవ్వితే పోయేదేముందని నవ్వాను. ఆ తర్వాత తెల్లజుట్టు వచ్చింది. అందరికీ వస్తుంది. కానీ మిగతా తలంతా నల్లగా ఉండి ఈ ఒక్క పాయే తెల్లబడింది. ఆయన పూసినచోటే. తర్వాత రెప్ప వాలింది. ఈ పక్కదే. డాక్టరు వయసన్నాడు."

"వయసేనేమో అమ్మా."

"మరి ఈ మచ్చో? నాది కాదే ఇది! ఎవరో హీరోగారి మచ్చ. ఆ సాయంత్రమే కొబ్బరినూనె రాసి తుడిచేసుకున్నాను. ఇన్నేళ్లకి అక్కడే మొలిచింది. ఎవరిదో మచ్చ నా మొహం మీదికి ఎందుకు రావాలమ్మా?"

ఏసీ ఆగింది. కరెంటు పోయినట్టుంది. ముసురు వెలుతురులో గోడ మీది మొహమూ బల్ల దగ్గరి మొహమూ ఒకే బూడిద రంగులోకి వచ్చేశాయి.

పుష్పవల్లి గొంతు తగ్గించింది. "ఇక్కడ ఫొటో ఉందని మా సందులో కుర్రాళ్లు చెబితే చూడ్డానికొచ్చాను. నా దగ్గర దాని కాపీ కూడా లేదు. ఎంతవరకు వచ్చిందో చూసుకోవద్దూ? అన్నీ వచ్చేశాయి. ఇక ఆ ఫొటోలో ఉండి నాకు రానిది ఏముందో నువ్వే చూడు."

భువన చూసింది. పాయ ఉంది. రెప్ప ఉంది. మచ్చ ఉంది. మెడ మీది ముడతలతో సహా ఉన్నాయి. లేనిదొక్కటే. పొద్దున నోయ్ కట్టిన మల్లెదండ, ఇంకా తడారకుండా, ఆ మెడ చుట్టూ తెల్లగా మెరుస్తోంది. మూసుకున్న గదిలో దాని వాసన ఒక్కసారిగా చిక్కబడ్డట్టైంది.

అంతసేపూ రవిచంద్ర చెప్పిన పని ఎలా చేయాలా అని మథనపడుతున్న పిల్ల, ఇప్పుడు ఇంకెవరూ చెప్పక్కర్లేకుండానే కదిలింది. యజమాని కోసం కాదు, ఈ పెద్దావిడ ప్రాణం కోసం. ఆ దండ అక్కడ ఇంకో క్షణం ఉండకూడదనిపించింది.

"భిక్షమన్నా, కుర్చీ పట్టు జర!"

"నాతోని గాదు భువనమ్మా, గా ఫొటోను నేను ముట్ట."

"నువ్వు ముట్టకు. కుర్చీ పట్టు సాలు."

భిక్షం కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీ పట్టాడు. వంటింటి గుమ్మంలోంచి నోయ్ "చాలు, చాలు" అంటూ పరుగున వచ్చింది. తెలిసిన రెండు మాటల్లో ఆ సమయానికి పనికొచ్చింది అదొక్కటే మరి. భువన ఆగలేదు. కుర్చీ ఎక్కి చెయ్యి చాచి దండ పట్టుకుంది. చల్లటి పూలు. వాటి కింద అద్దం మాత్రం, అగరొత్తి సెగకో ఏమో, మనిషి మెడలా వెచ్చగా తగిలింది.

దారం మేకు మీంచి పైకి లేపింది. వెనక గిన్నె దొర్లిన చప్పుడు. పులుసు బల్ల మీంచి కిందికి కారుతోంది. ఎప్పుడు లేచిందో, ఎత్తెక్కడానికే ఆగి ఆగి వచ్చే ఆ మనిషి, భువన చున్నీ కొస రెండు చేతులతో పట్టుకుని లాగుతోంది.

"వదులు. ఉన్నచోట ఉండనీ దాన్ని."

"ఏందమ్మా!" భువన కుర్చీ మీదే తూలి నిలదొక్కుకుంది. ఇప్పటిదాకా అడగాలని అడగలేనిదంతా ఒక్కసారే బయటపడింది. "గిది తీస్తేనే గద మీకు మంచిది? మీకు భయమైతలేదా? ఇన్ని వారాలు గీడ కూర్చుని తింటున్నరు, తియ్యుమని ఒక్కనాడు గూడ ఎందుకు అడగలే?"

పుష్పవల్లి ఫొటోకేసి చూసింది. ఆ ఫొటో చూస్తున్న ఖాళీ కుర్చీకేసి చూసింది. చున్నీ వదల్లేదు.

"ఇన్నేళ్లబట్టీ చావాల్సి వచ్చినప్పుడల్లా నా బదులు ఆ ఫొటోలో ఆవిడే చచ్చిందమ్మా. ఇప్పుడు ఆ దండ తీసి ఎవరి మెళ్లో వేద్దామని?"